తెలిసినవాడు

"లెవెల్ వన్. రిస్క్ తక్కువట. వెబ్‌సైట్‌లో ఫొటో కూడా పెట్టరట," అన్నాడు అనూప్, కోర్టు హాల్లోంచి బయటికొచ్చి.

బెంచీ మీద కూర్చున్న నళిని తలెత్తి చూసింది. తనింట్లో పాటలు నేర్పుతూ తమ పాపతో పాడుపని చేసి జైలుకెళ్లిన సూర్యప్రకాశ్ వచ్చేవారం విడుదలవుతున్నాడు. ఇక్కడ అమెరికాలో అలాంటివాళ్లు బయటికొచ్చేముందు, మళ్లీ తప్పు చేసే రిస్క్‌ని బట్టి జడ్జి ఒకటి నుంచి మూడు దాకా లెవెల్ ఇస్తాడు; పై లెవెల్ వాళ్ల ఫొటోలు అందరూ చూసేలా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెడతారు.

"ఎట్లా తక్కువ?"

"పాయింట్లేసి లెక్క కట్టారు. మంచి జాబ్ చేసినవాడు, సొంతిల్లు, పెళ్లాం వదిలెయ్యలేదు, తాగడు, పాత కేసుల్లేవు. పైగా పాపకి స్ట్రేంజర్ కాదు, తెలిసినవాడేనట. దానివల్ల కూడా రిస్క్ తగ్గిందట." అనూప్ పళ్లు కొరికాడు. "ఆ జడ్జికి బుద్ధుందా అసలు?"

నళిని బెంచీ మీంచి లేచింది.

"ఆయన్నెందుకు అనడం?" అంది. "మనమూ ఇవే మార్కులు వేసి కదా, పాపని వాళ్లింటికి పాటకి పంపింది."