తూలడంలో శిక్షణ

గోడౌన్ సూపర్‌వైజరు నిచ్చెన మీంచి పడలేదు. పడ్డట్టు అరిచాడు, అంతే. ఆ ఒక్క అరుపుకే జీతంతో కూడిన సెలవు, నడుముకో బెల్టు, నల్లమందు జాతికి చెందిన నొప్పి మాత్రల డబ్బాలు దక్కాయి. మాత్ర మాత్రం ఒక్కటీ మింగలేదు. లేని నొప్పికి ఉన్న మందెందుకని ఆయన వాదన.

హాయిగా రోజులు గడుస్తుండగా, రోగిని చూడడానికి కంపెనీ డాక్టరు ఇంటికే వస్తున్నాడని కబురొచ్చింది. దొంగ నొప్పులు పట్టడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. దొరికితే ఉద్యోగం ఊడడమే కాదు, మోసం కేసు కూడా. సూపర్‌వైజరుకి మొదటిసారి నిజంగానే నడుం లాగింది.

భార్య ధైర్యం చెప్పింది. ఆపరేషనయ్యాక వాళ్ల అన్నయ్య వాడింది ఈ మాత్రలే. ఆయన పడ్డ అవస్థలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"లేవగానే తల తిరగాలి. గోడ పట్టుకోండి. అబ్బే, అది తాగొచ్చినవాడి తూలుడండీ. కళ్లు మూసుకుని కాస్త ఆగి, అప్పుడు అడుగెయ్యండి."

"ఇలాగా?"

"ఆ. మధ్యమధ్యలో ముక్కు గోక్కోండి, మా అన్నయ్యకి ఒకటే దురద. మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తియ్యాలి. అది మీకు నేర్పక్కర్లేదులెండి."

డాక్టరు రానే వచ్చాడు. సూపర్‌వైజరు లేచాడు, తూలాడు, గోక్కున్నాడు, సగం మాటలో జోగాడు. నాటకరంగానికి ఎంత నష్టం జరిగిపోయిందోనని భార్య మనసులో నొచ్చుకుంది.

"తల తిరుగుతోందా?" అడిగాడు డాక్టరు.

"గిర్రున, సార్."

"వికారం?"

"తిండి పేరెత్తితే చాలు."

"మోషన్ ఎలా అవుతోంది?"

ఈ ప్రశ్న సిలబస్‌లో లేదు. సూపర్‌వైజరు భార్య వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది. ఎంత బాధలో ఉన్నా ఏ అన్నయ్యా ఆ ఒక్క సంగతి చెల్లెలితో చెప్పుకోడు మరి.

ఒక్కటైనా బాగుందంటే మిగతావి నిజమనుకుంటాడని లెక్కేసి, "దానికేం లోటు లేదు సార్. పొద్దున్నే అలారం కొట్టినట్టు," అన్నాడు గర్వంగా.

డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు.

"ఈ మాత్రలకి అలవాటు పడితే తల తిరగడం తగ్గుతుంది, దురదా తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం పట్టిందంటే వదలదు. మీరు ఒక్క మాత్ర కూడా మింగలేదు."

భార్య ఏడ్చేసింది. ఆ ఇంట్లో ఆ పూట నటన కానిది అదొక్కటే.

"తప్పయిపోయింది డాక్టరుగారూ. ఈయన ఉద్యోగం పోతే రోడ్డున పడతాం," అంది వెక్కుతూ.

డాక్టరు లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు. తిరిగొచ్చి కూర్చుని, రోగికి మరో రెండు నెలల విశ్రాంతి, అవే మాత్రలు తప్పనిసరి అని రాసి సంతకం చేశాడు.

"ఆ డబ్బాలు ఇలా తెండి," అన్నాడు డాక్టరు చెయ్యి చాపుతూ, "నావి నిన్నటితో అయిపోయాయి."