ఎదురింటి తలుపు

నకాటో గేటు తీసిందో లేదో, ఎదురింటి తలుపు ధడాలున మూసుకుంది.

మొదటి రోజు గాలికనుకుంది.

మర్నాడు గాలి లేదు. వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతున్న ముసలావిడ, ఆమెను చూడగానే చేట అక్కడే వదిలేసి, మోకాళ్లు పట్టుకుంటూ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆవిడ పేరు రత్నకుమారి.

నకాటోది ఉగాండా. కొల్లేరు చెరువుల్లో చేపల పెంపకం నేర్చుకోవడానికి ట్రైనీగా ఏలూరు వచ్చింది. వాళ్ల దేశంలో సముద్రమంత సరస్సుంది, చేపలకి కొదవలేదు. అయినా పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా! కామేశ్వరి గారి మేడ మీద గది అద్దెకు తీసుకుని, రోజూ పొద్దున్నే కైకలూరు బస్సెక్కేది.

"రెండు వారాలు చూస్తానమ్మా," అంది ఫోన్లో తల్లితో. "ఇక్కడ నేనెవరికీ అక్కర్లేదనిపిస్తే తిరిగి వచ్చేస్తాను."

అక్కర్లేదని ఆ తలుపు రోజూ చెబుతూనే ఉంది.

"నా రంగు చూసే తలుపేసుకుంటోందమ్మా. ఇంకెందుకు?" అంది మళ్లీ తల్లితో.

సందు మలుపులో మాత్రం ఒకమ్మాయి రోజూ ఎదురొచ్చేది. చంకలో నిండు బిందె, మొహం నిండా నవ్వు. పేరు పద్మప్రియ. కొత్తగా పెళ్లయి, రత్నకుమారి ఇంటి వెనక వాటాలో అద్దెకుంటోంది.

"టిఫిన్ చేశారాండీ?"

"చేశాను."

"మంచిది. వెళ్లి రండి."

పద్మప్రియది డిగ్రీ ఇంగ్లీషు. ఆ కాస్త ఇంగ్లీషూ, ఆ కాస్త నవ్వూ నకాటోకి సాయంత్రం దాకా సరిపోయేవి.

ఒకనాడు చెరువు గట్టు మీద జారి, తవుడు బస్తాతో సహా నీళ్లలో పడింది. అందరూ నవ్వారు. చెయ్యిచ్చి పైకి లాగిందీ వాళ్లే గాని, నకాటోకి నవ్వే గుర్తుండిపోయింది.

మర్నాడు పొద్దున్న మళ్లీ అదే తలుపు, అదే చప్పుడు. ఉక్రోషం ఆగలేదు. వెళ్లి దబదబా బాదింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. రత్నకుమారి ఆయాసపడుతోంది.

"నా మొహం చూడలేకపోతే, నాకూ మీ మొహం చూపించకండి!"

ఆవిడకి ఇంగ్లీషు రాదు. కోపం అర్థం కావడానికి భాషెందుకు?

"తప్పయిపోయిందమ్మా," అంది నెమ్మదిగా. "ఇంక కనబడనులే."

మర్నాడు ఎదురింటికి తాళం. నకాటోకి హాయిగానే అనిపించింది. కాని సందు మలుపులో బిందె కూడా లేదు.

ఆ మర్నాడూ లేదు.

ఉన్న ఒక్క నవ్వూ పోయింది. రెండు వారాలూ అయిపోయాయి. తిరుగు టిక్కెట్టు కొనేసి, చెప్పి వెళదామని వెనక వాటా తలుపు తట్టింది.

"మీకు కూడా నా మీద కోపమా?"

"అయ్యో, కోపమేంటండీ!" అంది పద్మప్రియ. "మీరెప్పుడు బయల్దేరతారో ఈ వెనకనుంచి నాకెలా తెలుస్తుంది? చెప్పే మనిషి లేరుగా."

"ఎవరు?"

"మామ్మగారండీ. అత్తిలిలో చెల్లెలింటికి వెళ్లిపోయారు. 'పొద్దున్నే నేను కనబడితే ఆ పిల్లకి గిట్టడం లేదమ్మా' అని."

నకాటోకి ఏమీ అర్థం కాలేదు.

పద్మప్రియ గొంతు తగ్గించింది. "ఆవిడ భర్త పోయి చాలా ఏళ్లయిందండీ. భర్త పోయినవాళ్లు ఎదురొస్తే వెళ్లే పని చెడుతుందని పాతకాలం వాళ్ల భయం. 'ఇవన్నీ ఇప్పుడెవరు పట్టించుకుంటున్నారు మామ్మగారూ' అని నేనంటే, 'దేశం కాని దేశం వచ్చిన పిల్ల, మనకెందుకే రిస్కు' అనేవారు."

"అందుకా తలుపు?"

"అందుకేనండీ. అదే పెళ్లయిన ఆడపిల్ల నిండు బిందెతో ఎదురైతే శుభమట."

నకాటో ఆమె మొహంలోకి చూసింది.

"మరి మీరు రోజూ నీళ్లకి..."

"మా కుళాయి వచ్చేది సాయంత్రమండీ," అంది పద్మప్రియ. "పొద్దున్న మీరు గేటు తీయగానే ఆవిడ తలుపేసి, ఆ మోకాళ్లతోనే ఇల్లంతా దాటి వెనక్కి పరిగెత్తుకొచ్చి, 'పద్మా, పిల్ల బయల్దేరింది, నవ్వుతూ ఎదురెళ్లవే' అని బిందె నా చంకకెత్తేవారు."