మిగిలిన రాయి

పొద్దున్నే అంగన్‌వాడీ మెట్టు మీద తళతళలాడుతున్నవి మంచు చుక్కలనుకుంది శివకుమారి టీచర్.

దగ్గరికి వెళ్తే పలకరాతి ముక్కలు. పక్కన ఓ రేకు డబ్బా, దాని వెనక ఓ ముసలాయన.

"ఎవరు తాతా నువ్వు?"

"పౌలునమ్మా. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో చేసినా. అది మూసేసినారు. ఊరికే కూర్చుంటా, ఏమనుకోవాక."

గుడ్డు కోసం వచ్చాడులే అనుకుంది శివకుమారి. మధ్యాహ్నం ఆయా పెట్టబోతే వద్దన్నాడు.

మర్నాడూ వచ్చాడు. రోజూ ఒకటే చోటు, ఆ మెట్టు పక్కన, బడి వెనక గుంతకు పోయే దారి మొదట్లో.

పలకరాయి తవ్వి వదిలేసిన పాత గుంత అది. వానకు నిండి, మబ్బుల్ని మోసుకుంటూ కదలకుండా ఉంటుంది. చూస్తూ నిలబడితే నిద్ర వచ్చినట్టుంటుంది. కంచె వేయించండని శివకుమారి రెండేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉంది.

పౌలుది ఒకటే ఆట. లోపలికొచ్చే ప్రతి పిల్లా ఓ రాయి ఏరుకుని డబ్బాలో వేయాలి. ఇంటికి పోయేటప్పుడు ఓ రాయి తీసి మెట్టు మీద పెట్టాలి.

అన్నం వేళకు ఆ రాళ్లే వరసగా పరిచేవాడు. రాయికో పళ్లెం, పళ్లేనికో గుడ్డు. పిల్లలు కలలో నడిచినట్టు మెల్లగా పెట్టుకుంటూ పోయేవాళ్లు.

అసలా పిల్లలు ఇరవై దాకా గడగడా అప్పజెబుతారు. మూడు గుడ్లు తెమ్మంటే గిన్నె మొత్తం ఎత్తుకొస్తారు. నాలుగేళ్ల జెస్సీకైతే ఐదు తర్వాత ఎనిమిదే.

"మంగళవారం సూపర్‌వైజర్ వస్తాంది తాతా. పిల్లోళ్లు యాభై దాకా చెప్పాల. నువ్వు రాళ్లాడిస్తా ఉంటే ఎట్ల?"

"చెప్పడం వేరే, చూసుకోవడం వేరే గదమ్మా."

ఆ మాట శివకుమారికి కారం పూసినట్టయింది. ట్రైనింగ్ తీసుకున్నది తను, నీతులు చెప్పేది ఈయన.

"రేపట్నుంచి రావద్దు. నీ రాళ్లు తీసుకొనిపో."

పౌలు డబ్బాలో చెయ్యి పెట్టి పిల్లల రాళ్లు గుప్పెళ్లతో తీసి మెట్టు మీద పోశాడు.

"ఇయ్యి పిల్లోళ్లయి. డబ్బా ఒకటే నాది."

డబ్బా చంకన పెట్టుకుని గుంత వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. నడుస్తుంటే డబ్బాలో ఏదో టక్కుటక్కున మోగింది. అంతా పోశాక ఇంకా ఏముందో శివకుమారి అడగలేదు.

రాళ్లను గోడవతల పారబోసింది. పిల్లలు వాటిని ఏరుకొచ్చి మళ్లీ మెట్టు పక్కన కుప్ప పోసుకున్నారు. రోజూ వచ్చేటప్పుడు ఓ రాయి పాత బక్కెట్టులో వేయడం, పోయేటప్పుడు తీయడం మానలేదు.

మంగళవారం రానే వచ్చింది. పిల్లలు యాభై దాకా చెప్పారు. సూపర్‌వైజర్ మెచ్చుకుంది. ఆ మెప్పు శివకుమారికి పది రోజులు నిలిచింది.

పదకొండో రోజు మధ్యాహ్నం పిల్లలు పడుకుని లేచారు. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము బంగారంలా తేలుతోంది. ఆయా గిన్నెలు తోముతోంది. శివకుమారి తలలు లెక్కపెట్టింది. పదిహేను. సరిపోయింది.

జెస్సీ వచ్చి కొంగు లాగింది. నేల మీద ఒక్కో పిల్ల ముందు బక్కెట్టులోని రాయి ఒక్కోటి పెట్టి ఉంది.

"టీచర్, ఒగ రాయి మిగిలింది."

"నువ్వు తప్పినావులే. పదహైదు మందీ ఉండారు."

"నాకు లెక్క రాదు టీచర్. రాయి మిగిలింది."

శివకుమారి మళ్లీ లెక్కపెట్టింది. అటూ ఇటూ పరుగెత్తే ఈశ్వర్‌ను ఇందాక రెండుసార్లు లెక్కపెట్టింది. ఉన్నది పద్నాలుగు మందే. మూడేళ్ల కుమారి లేదు.

గుంతకాడికి ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు.

కుమారి గట్టు అంచున వంగి, నీళ్లలో మబ్బును పట్టుకోవడానికి చెయ్యి చాస్తోంది. వెనక నుంచి ఒడిసి పట్టుకుని, అక్కడే కూలబడి ఏడ్చింది శివకుమారి.

సాయంత్రం పౌలు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన కూతురు సుశీలమ్మ ఎదురొచ్చింది.

"నాయన ఆదివారం పోయినాడు టీచరమ్మా. నిద్దట్లోనే."

శివకుమారి ఇంట్లోకి చూసింది. గూట్లో ఆ డబ్బా ఉంది.

"పిల్లోళ్లకు ఎంత మంచి లెక్క నేర్పినాడో తెలుసునా సుశీలమ్మా. పొమ్మన్నా నేను."

"నాయనకు అంకెలే రావు టీచరమ్మా. జన్మంతా పలకలు కోసినాడు గానీ ఒగ అక్షరం రాయలే."

శివకుమారి డబ్బా మూత తీసింది. అడుగున ఒకటే రాయి. ఏళ్ల తరబడి చేతిలో నలిగి, అంచులు అరిగిపోయి నున్నగా ఉంది.

"ఇదెవురిది?"

సుశీలమ్మ ఆ రాయిని తీసుకుని కొంగుతో తుడిచింది.

"మా అక్క రాహేలుది. మా చిన్నప్పుడు నాయన పలకరాయి పనికాడ పిల్లోళ్లమంతా ఆడుకుంటా ఉంటిమి. అందురూ ఇల్లు చేరినారనుకున్నాడు నాయన, మా అక్క ఒగతే మీ బడి ఎనక గుంతకాడ్నుంచి రాలే."