పాలల్లో ఒక చెంచా

"నయం" అన్న మాట మీద ఎర్ర గీత పడింది.

యజమాని ముందు గీతను చూశాడు, తర్వాత గీసినామెను చూశాడు. ఆ టానిక్కుల కంపెనీలో లేబుళ్లు సరిచూడటం ఆమె ఉద్యోగం. సీసా మీది ప్రతి మాటా రూల్సుకు లోబడి ఉందని ఆమె సంతకం చేస్తేనే లేబులు అచ్చుకు వెళ్తుంది. ఆఫీసులో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు, మొహం మీదే.

"నిద్రలేమిని నయం చేస్తుంది అనకూడదు సార్. నయం చేసేదైతే అది మందు. మనది టానిక్కు."

"పోనీ, నిద్రకు తోడ్పడుతుంది అందాం."

"దానికీ రుజువు కావాలి."

"నీ చేతిలో పెడితే చివరికి సీసా మీద 'ఇది సీసా' అని మిగులుతుంది తల్లీ."

"'మూత ఉంది' అని కూడా వేసుకోవచ్చు సార్. అది నిరూపించగలం."

ఆ లేబులు మీద ఆమె పెన్ను తగలకుండా బయటపడింది ఒక్క వాక్యమే: పాలల్లో కలిపితే రుచి తెలియదు. అది ఆమె స్వయంగా తాగి చూసింది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. నిద్రపట్టని మనిషి ఉన్న పది ఇళ్లకు రెండు నెలలపాటు టానిక్కు ఇచ్చి, రోజూ నోట్‌బుక్కులో రాయించాలి. అందులో మార్పు కనిపిస్తే "తోడ్పడుతుంది" అన్న మాటకు ఆమె సంతకం పెడుతుంది. పదింట్లో ఒక నోట్‌బుక్కును ఆమె తన ఇంటికే పట్టుకెళ్లింది. తండ్రి గోదాము దగ్గర రాత్రి కాపలా. తెల్లారి వచ్చి పగలు పడుకోవాలి. రెండు గంటలు వరసగా పడుకున్న రోజు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

తల్లి సీసాను వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది తాగి మనిషి లేవకపోతే ఏం గతి అంది. ఆమె ఎప్పుడూ అంతే. భర్త గురకపెడితే గుండెకేదో అయిందని, గురక ఆపితే ఊపిరే ఆగిందని హడలిపోయేది. గంటకోసారి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. అనుమానం తీరకపోతే భుజం కుదిపి, నిద్రపోతున్నారా అని ఆయన్నే అడిగేది. ఇక కూతురు సంతకాల ఉద్యోగంలో చేరిన నాటి నుంచి, జైల్లో భోజనం ఎన్నింటికి పెడతారో కూడా వాకబు చేసి ఉంచింది.

కూతురు రూల్సు చదివి వినిపించింది. ఉదయం ఆయన రాగానే పాలల్లో ఒక చెంచా కలిపి ఇవ్వాలి. పడుకున్నాక ఆ గదిలోకి వెళ్లకూడదు, తాకకూడదు, పిలవకూడదు. అలా చేస్తే పరీక్ష చెడిపోతుంది. నోట్‌బుక్కులో గడులు మూడే: పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది.

"నీ రాతలో తప్పుంటే నా సంతకం తప్పవుతుందమ్మా. పోలీసులు నా కోసమే వస్తారు."

తల్లి చేత పని చేయించడానికి ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. తల్లి మూసిన తలుపు బయట గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవడం మొదలుపెట్టింది.

మొదటి వారంలో తండ్రి నిద్ర నాలుగు గంటలకు చేరింది. నెల తిరిగేసరికి ఏడు. కళ్ల కింద సంచులు మాయమయ్యాయి. ఇంత మంచి సరుకు చూడలేదని, పాలల్లో రుచే తెలియట్లేదని ఆయన గోదాములో అందరికీ చెప్పాడు. ఖాళీ సీసాలు లెక్క తప్పకుండా ఆఫీసుకు చేరాయి. ఇంట్లో దిగులుపడ్డ ప్రాణి ఒక్క వంటగది కిటికీలోని మొక్కే. ఆకులు పసుపురంగుకు తిరిగి వాలిపోయింది. ఎండ ఎక్కువైందని తల్లి కిటికీకి పాత దుప్పటి కట్టింది.

గడువు పూర్తయ్యాక తొమ్మిది నోట్‌బుక్కులను కత్తెరమ్మ అవతల పడేసింది. తొమ్మిదీ యజమాని బావమరిది చేతిరాతే. ఒకదాంట్లోనైతే రోగి ముప్పై రోజుల నెలలో ముప్పై ఒకటో తారీఖున కూడా హాయిగా నిద్రపోయాడు.

పదోది తల్లిది. నిండా కొట్టివేతలు, దిద్దుబాట్లు. ఇరవై మూడో రోజు పక్కన, "ఈయన ఏడు గంటలు. నాకు కునుకు లేదు" అని రాసి ఉంది. దాన్ని ఎలా కాదనాలో కత్తెరమ్మకు తోచలేదు. లేబులు మాట మార్చింది: "ఒక ఇంట్లో చేసిన పరీక్షలో నిద్రకు తోడ్పడింది." "ఒక ఇంట్లో" అన్న ముక్కను చీమ తలకాయంత అక్షరాల్లో వేద్దామన్నాడు యజమాని. మిగతా అక్షరాలంతే ఉండాలని ఆమె పట్టుబట్టి గెలిచింది.

సంతకం చేయాల్సిన రోజు ఉదయం లేబులును వంటగదిలోకి తెచ్చుకుంది. తండ్రి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి లోపల నడుం వాల్చాడు. తల్లి పాలు దించుతోంది.

"అమ్మా, నా ఉద్యోగం నీ నోట్‌బుక్కు మీద ఉంది. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు కదా?"

"రాసినదాంట్లో ఒక్కటుంటే నా కళ్లు పోతాయి. గడియారం చూసే రాశానే."

కూతురు గట్టు మీదే లేబులు పరిచి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక్క గీతా గీయకుండా సంతకం చేసి వెళ్లిపోయింది. లోపల్నుంచి తండ్రి పాలు అడిగాడు.

తల్లి చెంచా నిండా టానిక్కు కొలిచి, రోజూలాగే మొక్కకు పోసింది.