వెనక బెంచీ ఆవిడ

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్న చెయ్యి ఇది. నిదానంగా రాశాను. తప్పులు దొర్లితే దిద్దుకుని చదువుకోండి.

"మళ్ళీ వచ్చింది చూడు. ఎలక కన్నం ముందు పిల్లిలా ఎలా కూర్చుందో!" అంది అక్క, తల తిప్పకుండానే.

చెల్లి పలక మీద వంకర పోయిన 'క'ని చేత్తో చెరిపేసింది. "ఎవరక్కా?"

"ఇంకెవరు, వెనక బెంచీ కళ్ళజోడావిడ. వారం నుంచీ చూస్తున్నా. పాఠం చెప్పదు, పాఠం వినదు. మన నోళ్ళకేసి చూస్తుంది."

బడి పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయాక అదే గదిలో ఓ మాస్టారు పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పుతారు. చిన్నపిల్లల బెంచీలు కావడంతో మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటాయి. వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే. అక్క ముందు చేరింది, చెల్లి తర్వాత చేరింది. వరసలు అలా కలిశాయి. చెల్లి మనిషి చురుకే గాని చదువు దగ్గర మొద్దు. అందరూ గుణింతాలు దాటినా తను 'క' దగ్గరే ఆగిపోయింది. అక్కే చెయ్యి పట్టి దిద్దించేది.

అక్క గుట్టు చెల్లికి ఒక్కదానికే తెలుసు.

అక్క కోడలు వేరే బళ్ళో టీచరు. సంబంధం కుదిరేటప్పుడు ఎవరో "అత్తగారు కూడా చదువుకున్న మనిషే" అని ఒక మాట వదిలారు. అక్క కాదనలేదు. అప్పటినుంచీ పొద్దున్నే పేపరు పట్టుకుని కూర్చోవడం, బొమ్మలున్న పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగడం అలవాటైపోయింది.

"విశేషాలేంటి అత్తయ్యా?" అని కోడలు అడిగితే, "ఏముందమ్మా, అన్నీ నిన్నటివే" అనేది.

సాయంత్రం నడకకని చెప్పి ఇక్కడికి వచ్చేది. చదవడం వచ్చేదాకా నెట్టుకొస్తే చాలు, ఆ తర్వాత ఆ అబద్ధం దానంతటదే నిజమైపోతుందని ఆమె ఆశ. ఈలోగా బయటపడితే కోడలి ముందు తలెత్తుకోలేదు.

ఆ రోజు పాఠం అయ్యాక కళ్ళజోడావిడ ఇద్దర్నీ గుమ్మం దగ్గర ఆపింది.

"ఒక్కమాటమ్మా. ఇక్కడ మీరెవరితోనైనా చెప్పుకున్న సొంత విషయం రేపు పుస్తకంలో అచ్చయితే మీకు ఇబ్బందా?"

అక్కకి కోడలు గుర్తొచ్చింది. చదువుల మీద వచ్చే పుస్తకం ఏదీ కోడలు వదలదు.

"మాకేం సొంత విషయాలుంటాయమ్మా? మోకాళ్ళ నొప్పులు తప్ప" అని బయటపడింది. వీధి మలుపు తిరిగాక చెల్లి భుజం పట్టుకుంది. "విన్నావా? కూపీ లాగుతోందే!"

"మంచికే అయ్యుంటుందిలే అక్కా. మనలాంటివాళ్ళ కష్టం నలుగురికీ తెలిస్తే మేలేగా?"

"మేలైతే అడిగి చెయ్యాలి."

"అడిగితే మనం నిజం చెప్తామా? సర్దుకుని మాట్లాడతాం."

"అడక్కుండా తీసుకుంటే మా ఇంట్లో దాన్ని దొంగతనం అంటారు."

చెల్లి మొహం పాలిపోయింది. "నువ్వెందుకే బెంగపడతావ్? 'క' రానిదానికి గుట్టేముంటుంది?" అని అక్క నవ్వి వీపు నిమిరింది.

మర్నాడు కళ్ళజోడావిడ వెనక బెంచీలో కూర్చోలేదు. ఓ కాగితం పట్టుకుని నల్లబల్ల ముందుకొచ్చి నిలబడింది. మాస్టారు తల వంచుకుని కిటికీ దగ్గరికి తప్పుకున్నారు.

"నేను పరిశోధన చెయ్యడానికి రాలేదమ్మా. విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనల్లో ఎవరికీ అన్యాయం జరక్కుండా చూడటం నా పని. ఈ గదిలో ఒకరు మీకు చెప్పకుండా మీ మాటలు పుస్తకానికని రాసుకున్నారు. ఇందులో ఉన్నది క్షమాపణ. తప్పు చేసినవాళ్ళే మీ ఎదుట చదవాలి. మీరు వద్దంటే మీ మాట ఒక్కటి కూడా అచ్చు కాదు."

గదంతా గుసగుసలు లేచాయి. అక్క చూపు మాత్రం సూటిగా కిటికీ వైపు పోయింది.

"మాస్టారూ! మేం కబుర్లు చెప్పుకునేటప్పుడల్లా మీరు అక్కడ నిలబడి గీకుతుంటారు. ఏమిటది?"

"హాజరమ్మా! హాజరు వేసుకుంటున్నా."

"రోజుకి ఎన్నిసార్లండీ హాజరు? మేమేమన్నా మధ్యలో ఎగిరిపోతామా?"

అందరూ గొల్లుమన్నారు. మాస్టారికి చెమటలు పట్టాయి. అక్క విసురుగా లేచి కాగితం లాక్కుంది. తనే చదువుదామని మొదటి మాట మీద వేలు పెట్టింది. "క్ష... మిం..." అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాతివన్నీ ఒత్తులూ, పెద్ద పెద్ద మాటలూ.

"మీరే చదవండి" అని మాస్టారి ముందుకి చాపింది. "నా గుట్టు మీ చెవిన ఎలా పడిందో తర్వాత తేల్చుకుందాం."

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. "నేను కాదమ్మా. ఒట్టు."

"మరెవరు?"

అక్క చేతిలో కాగితం అలాగే గాల్లో ఉండిపోయింది.

చెల్లి లేచి ఆ కాగితం అందుకుని, ఎక్కడా తడబడకుండా చదివింది.