అత్తయ్య అడుగు

"అమ్మాయ్, ఈ రాళ్ళు ఎవరి అడుగు కొలిచి వేశావు?"

కొత్త కోడలు తలెత్తి చూసింది. చేతిలో పార, బుగ్గ మీద మట్టి.

గేటు అవతల ఓ పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు.

"నా అడుగే. నేను నడిచి, పాదం పడ్డ చోటల్లా ఓ రాయి పెట్టాను."

గేటు నుంచి గుమ్మం దాకా, పచ్చగడ్డి మధ్య విడివిడిగా పదహారు రాళ్ళు. పెళ్ళయిన మూడో నెలకి దొరికిన సొంత ముంగిలి మరి. నిన్న సాయంత్రం మొగుడి చేత వాటి మీద తొక్కుడుబిళ్ళ కూడా ఆడించింది.

"దీని మీద నడిచేదెవరు?"

"మా అత్తయ్య. ఆదివారం వస్తున్నారు."

అసలు కథంతా అక్కడే ఉంది. ఆర్నెల్ల కిందట అత్తయ్య లైబ్రరీ తోటలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు చేతికర్రతో నడుస్తూ కూతురింట్లో ఉంటోంది.

"గేటు నుంచి గుమ్మం దాకా ఎవరూ పట్టుకోకుండా నడవగలిగితే మీ ఇంట్లో ఉంటా. లేదంటే వచ్చిన బండిలోనే వెనక్కి పోతా," అని కొడుక్కి తెగేసి చెప్పింది.

"మీరు రండి అత్తయ్యా, బాట సంగతి నేను చూసుకుంటా," అని కోడలు కూడా అంతే తెగేసి చెప్పింది.

"అయితే ఇవి తీసెయ్యాలమ్మా," అన్నాడు పెద్దాయన. "సందుల్లో కర్ర దిగబడుతుంది."

"చూడ్డానికి బాగుంటుందని వేశానండీ."

"అవును. చూడ్డానికి బాగుంటుంది." చేదుమందు మింగినట్టు అన్నాడా మాట.

అడక్కుండానే లోపలికొచ్చాడు. గొడుగుని కర్రలా పట్టుకున్నాడు. ముందు గొడుగూ ఎడమకాలూ, తర్వాత దాని పక్కకి కుడికాలు. చిన్న చిన్న అడుగులు. సగం దూరం వెళ్ళి ఆగాడు.

"ఇక్కడ ఆయాసం వస్తుంది. కూర్చోడానికి ఓ దిమ్మ కట్టించు. ఇంకాస్త ముందుకెళ్తే నేల ఎత్తుగా ఉంది, బాటని పక్కనుంచి వంపు తిప్పు. గరుకు బండలు వెయ్యి, సందుల్లేకుండా."

చెప్పి వెళ్ళిపోయాడు.

"ఎవరాయన?" సాయంత్రం మొగుడు అడిగాడు.

"పని వెతుక్కుంటున్న మేస్త్రీ అయ్యుంటాడు. ఇవాళ సలహా, రేపు పలుగూ పారా."

"రానీ. నా నడుము నాకు మిగుల్తుంది."

ఆమె నవ్వలేదు. మూలనున్న బూజుకర్ర తెచ్చి, అత్తయ్యలా ఒంగి రాళ్ళ మీద నడిచింది. మూడో రాయి దాటుతుండగా కర్ర మట్టిలో దిగబడింది. మోకాళ్ళ మీద పడింది.

మొగుడు పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది.

"తీసేద్దాం," అందామె లేచి.

"పదహారూనా?"

"పదహారూ. గునపం అందుకో."

రెండు రోజులు ఇద్దరూ ఆఫీసులకి సెలవు పెట్టారు. నేల చదును చేశారు, ఇసక పోశారు, గరుకు బండలు పరిచారు. తెలిసిన మేస్త్రీ ఒకతను వచ్చి దిమ్మ కట్టాడు. బాట వంపు తిరిగేసరికి ఇల్లు కూడా కాస్త పక్కకి తిరిగి చూస్తున్నట్టు అందంగా కనిపించింది. ఆ ముచ్చటకి ఒకే కప్పులో టీ తాగుతూ ఇద్దరూ దిమ్మ మీద కూర్చున్నారు.

శనివారం పెద్దాయన మళ్ళీ వచ్చాడు. బాటంతా నడిచి, గుమ్మం ముందు ఒంగి, బండ మీద బొటనవేలు రుద్దాడు.

"ఇది నున్నగా ఉంది. మార్చు."

"అదొక్కటే కదండీ. రంగు బాగుందని ఏరి మరీ పెట్టాను."

"మార్చమ్మా."

ఆమెకి నడుము పీకేస్తోంది. ఓపిక కూడా అయిపోయింది.

"చూడండి, మా మేస్త్రీ మాకున్నాడు. మీకు ఇవ్వడానికి మా దగ్గర పనేం లేదు. దయచేసి ఇంక రాకండి."

పెద్దాయన తలూపాడు. "రాను. బండ మాత్రం మారుస్తావు కదూ?"

"మారుస్తాను."

చప్పుడు కాకుండా గేటు వేసి వెళ్ళాడు. ఆమె విసుక్కుంటూనే బండ పెకలించి, గరుకుది పెట్టింది.

ఆదివారం బండి దిగిన అత్తయ్య, కొడుకు చాచిన చెయ్యి చూసి, "తియ్యి," అంది.

కర్రా ఎడమకాలూ. పక్కకి కుడికాలు. కోడలు అడుగులు లెక్కపెడుతోంది.

సగం దూరంలో అత్తయ్య దిమ్మ మీద కూర్చుంది. ఊపిరి తీసుకుంది. లేచి వంపు తిరిగింది. గుమ్మం ఎక్కి అక్కడే నిలబడి, వెనక్కి తిరిగి బాటంతా చూసింది.

"నా పెట్టె లోపల పెట్టరా," అంది కొడుకుతో. తర్వాత కోడలి వైపు చూసి, "ఎవరే ఇది చేసింది?"

"నేనే," అనబోయి కోడలు ఆగింది. "చేసింది మేమే అత్తయ్యా. చెప్పింది మాత్రం ఎవరో పెద్దాయన. మీలాగే నడిచి చూపించాడు. అచ్చం మీలాగే."

"గొడుగుందా చేతిలో?"

"ఉంది. మీకెలా తెలుసు?"

"ఆస్పత్రిలో నాకు నడక నేర్పినన్నాళ్ళూ వరండా చివర నిలబడి చూసేవాడు. దగ్గరికొచ్చేవాడు కాదు. ఇప్పటికీ వారం వారం మీ వదిన దగ్గరికొచ్చి నా కాలి సంగతి అడిగి పోతుంటాడు. మీ ఇంటి మాట అదే చెప్పుంటుంది. ఎక్కడాయన? పిలు, ఈసారైనా కూర్చోబెట్టి మాట్లాడతాను."

"ఇంక రావద్దని చెప్పేశాను అత్తయ్యా," అంది కోడలు. "ఎవరాయన?"

అత్తయ్య గుమ్మం ముందు గరుకు బండని కర్రతో తట్టింది.

"నేను జారిపడ్డ ఆ లైబ్రరీ తోటలో, అద్దంలా మెరిసే రాళ్ళతో బాట వేయించింది ఆయనేనమ్మా."