మినహాయింపు

"స్విచ్ నువ్వే వెయ్యాలమ్మా," అన్నాడు నాన్న.

"నువ్వే వెయ్యి నాన్నా," అంది కూతురు.

ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉన్న వర్క్‌షాపు అది. తండ్రి అక్కడ పెద్ద ఇంజనీరు, ఆమె ఆయన కింద ఇంజనీరు. రక్తం శుద్ధి చేసే యంత్రాలు ఇక అమ్మేది లేదని బయటి దేశం నిషేధం పెట్టాక, వీళ్లే సొంతంగా ఒకటి తయారుచేశారు. మోటారు బట్టలుతికే మిషన్‌ది, పైపెట్టె పాత బీరువా రేకు. వడపోత గొట్టం మాత్రం వీళ్ల బుర్రల్లోంచి పుట్టింది.

చివరికి వాళ్లతో పనిచేసే వెల్డరే స్విచ్ వేశాడు. గొట్టాల్లో ఎర్ర రంగునీళ్లు కదిలాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"బట్టల మిషన్ మోటారు కదా, పేషెంటుని పిండి ఆరేస్తుందేమోనని భయపడ్డాను!" అన్నాడు వెల్డర్.

ఆమెకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. వానాకాలంలో, యంత్రం అందక, పై వార్డులో తమ్ముడు పోయినప్పటి నుంచీ అంతే. మూలనున్న స్టూలు వాడిదే. వార్డు నుంచి మెల్లగా దిగొచ్చి దాని మీద కూర్చునేవాడు. "ఎంతవరకొచ్చిందక్కా? నేనుండగా అవుతుందా?" అని ఏడిపించేవాడు.

యంత్రం చూడ్డానికి వచ్చిన కంపెనీ ఏజెంటు వంగి గొట్టాన్ని పరీక్షగా చూశాడు. వీళ్లకు అమ్మడం మానేసిన కంపెనీయే అది.

"మాదానికంటే సగం నీళ్లే తాగుతోందే! ఎలా చేశారమ్మా?"

"మీరు ఇవ్వం అన్నారు కదండీ. అందుకని చేశాం."

"మేం ఇవ్వకపోవడమేంటమ్మా? ఆసుపత్రుల వరకు మినహాయింపు వచ్చిందిగా. ఎండాకాలంలోనే ఫోన్ చేశాను, రెండు మిషన్లు రెడీగా ఉన్నాయి, పంపమంటారా అని. అక్కర్లేదన్నారు."

ఆమె రేకు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది.

"ఎవరన్నారు?"

ఏజెంటు నాన్న వైపు చూశాడు. వెల్డర్ తల దించుకున్నాడు. యంత్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

"అవి వస్తే మీరెవ్వరూ దీని మొహం చూసేవాళ్లు కాదు," అన్నాడు నాన్న, గొట్టం మీంచి చూపు తిప్పకుండా. "ఇది వాడి వేళకి అందుతుందనే అనుకున్నానమ్మా."